తిరుగు టికెట్టు లేని ప్రయాణం: అంగారకుడిపై స్థిరపడేందుకు పేరిచ్చినవారు దేనికి ఒప్పుకున్నట్టు?

2013 ఏప్రిల్‌లో నెదర్లాండ్స్‌కు చెందిన మార్స్ వన్ అనే సంస్థ ఒక పిలుపునిచ్చింది. అంగారక గ్రహానికి వెళ్లి, అక్కడే ఇల్లు కట్టుకుని, జీవితాంతం అక్కడే ఉండిపోవడానికి ఇష్టపడేవారు ఏ దేశస్థులైనా దరఖాస్తు చేసుకోవచ్చన్నది దాని సారాంశం. పద్దెనిమిదేళ్లు నిండితే చాలు. ప్రత్యేకమైన చదువు అక్కర్లేదు, పైలట్ అనుభవం అక్కర్లేదు. ఒక్క షరతు మాత్రం ముందే చెప్పారు: తిరిగి రావడం ఉండదు. కొద్ది నెలల్లో 2,02,586 మంది పేర్లు నమోదు చేసుకున్నారని సంస్థ ప్రకటించింది. వారిలో సుమారు పదో వంతు మంది భారతదేశం నుంచే ఉన్నారనీ, అమెరికా తరవాత రెండో స్థానం మనదేననీ అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. ఆరేళ్లు తిరగకముందే, 2019 జనవరి 15న, స్విట్జర్లాండ్‌లోని బాజెల్ న్యాయస్థానం ఆ సంస్థ వ్యాపార విభాగం దివాలా తీసినట్టు ప్రకటించింది. పేరిచ్చిన వారిలో ఒక్కరు కూడా భూమి వదల్లేదు.

అయినా ఆ ఆశ చల్లారలేదు. ఫలానా ఊరి అమ్మాయి అంగారక యాత్రకు ఎంపికైందనీ, ఫలానా కళాశాల కుర్రాడికి అంతరిక్ష సంస్థ నుంచి పిలుపొచ్చిందనీ వార్తలు వస్తూనే ఉన్నాయి. ఇలాంటి వార్త చదివినప్పుడు ఎంపిక చేసింది ఎవరు, దేనికి, వెళ్లేవారు ఒప్పుకున్నది ఏమిటి అన్న మూడు ప్రశ్నలకు అందులో జవాబు దొరకడం అరుదు. ఆ యువతీయువకుల ఉత్సాహం నిజమైనది, గౌరవించదగినది. కాబట్టే ఆ జవాబులు విడమరిచి చూడాల్సిన అవసరం ఉంది.

పేరు పంపడం, ప్రయోగంలో పాల్గొనడం, ప్రయాణించడం, స్థిరపడడం వేర్వేరు

వాలంటీరు అన్న మాట వినగానే ఆంధ్రప్రదేశ్‌లో చాలామందికి 2019 తరవాత ఇంటింటికీ పింఛను తెచ్చిచ్చిన గ్రామ, వార్డు వాలంటీర్లు గుర్తుకొస్తారు. ఇక్కడ ఆ మాటకు పాత అర్థమే తీసుకోవాలి: ఎవరి బలవంతమూ లేకుండా, చేయబోయే పని ఏమిటో తెలిసి, తనంతట తాను ముందుకొచ్చిన వ్యక్తి. ఈ నిర్వచనంలో పైకి చెప్పని భాగం ఇంకొకటి ఉంది. వద్దనుకున్నప్పుడు మానుకోగలిగితేనే ఆ వ్యక్తి స్వచ్ఛందంగా పని చేస్తున్నట్టు. వేరే గ్రహంపై స్థిరపడడం అనే సంగతిలో వచ్చే చిక్కులన్నీ దాదాపుగా ఈ చివరి భాగం చుట్టూనే తిరుగుతాయి.

అంగారకుడితో ముడిపడిన వార్తల్లో నాలుగైదు రకాల పాత్రలు కలగాపులగమవుతుంటాయి. అన్నిటికంటే తేలికైనది పేరు పంపడం. 2018లో నాసా ప్రయోగించిన ఇన్‌సైట్ నౌకలోని చిన్న చిప్‌లపై 24 లక్షలకు పైగా పేర్లు చెక్కారు. వాటిలో 1,38,899 భారతీయులవి. 2020లో బయలుదేరిన పర్సెవరెన్స్ రోవర్ కోటికి పైగా పేర్లను మోసుకెళ్లింది. పేరు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ విమానపు బోర్డింగ్ పాస్‌ను పోలిన ఒక కాగితం వచ్చేది. ఆ కాగితం చూపించి ఎంపికైనట్టు చెప్పుకున్నవారు అబద్ధమాడారని అనలేం గానీ, అది ప్రజల్లో ఆసక్తి పెంచడానికి ఇచ్చిన జ్ఞాపిక మాత్రమే.

రెండో రకం, భూమి మీదే కట్టిన నమూనా ఆవాసాల్లో నెలల తరబడి ఉండడానికి ముందుకొచ్చేవారు. వీరి గురించి తరవాత వివరంగా చూద్దాం. మూడో రకం ప్రయాణికులు. గుంటూరు ప్రాంత మూలాలున్న శిరీష బండ్ల 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ వాహనంలోనూ, విజయవాడలో పుట్టిన గోపీచంద్ తోటకూర 2024 మే 19న బ్లూ ఆరిజిన్ వాహనంలోనూ అంతరిక్షపు అంచు దాకా వెళ్లొచ్చారు. అవి భూమి చుట్టూ తిరిగే కక్ష్యను అందుకోకుండా పైకి వెళ్లి కిందికి వచ్చే ప్రయాణాలు. భారరహిత స్థితి కొద్ది నిమిషాలే ఉంటుంది. నాలుగో రకం వ్యోమగాములు, అంటే ప్రభుత్వమో సంస్థో ఉద్యోగంగా ఎంచుకుని ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చినవారు. మన గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ వాయుసేన పైలట్లే. దానికి సామాన్యులు దరఖాస్తు చేసుకునే వీలు లేదు.

ఐదో రకం స్థిరనివాసి. ఈ మాటకు తగిన మనిషి ఇప్పటికైతే ప్రపంచంలో ఎక్కడా లేడు. పని ముగించుకుని ఇంటికి రావడం కాకుండా, వెళ్లిన చోటునే ఇల్లనుకోవడం, అక్కడే ముసలితనాన్నీ మరణాన్నీ ఎదుర్కోవడం ఇందులో ఉంటాయి. మార్స్ వన్ అడిగింది ఈ ఐదో రకాన్నే. కానీ దరఖాస్తు పద్ధతి మాత్రం మొదటి రకానికి, అంటే పేరు పంపడానికి, దగ్గరగా ఉండేది. గందరగోళం అక్కడే మొదలైంది.

మార్స్ వన్ లెక్క ఎక్కడ తప్పింది

సంస్థ వ్యవస్థాపకుడు బాస్ లాన్స్‌డోర్ప్ వాదన వినడానికి సూటిగా ఉండేది. అంగారక యాత్రలో అన్నిటికంటే కష్టమైనదీ ఖరీదైనదీ తిరుగు ప్రయాణం, దాన్ని తీసేస్తే మిగిలినదంతా ఇప్పటి సాంకేతికతతోనే సాధ్యం అనేవారు. మొదటి నలుగురిని పంపడానికి 600 కోట్ల డాలర్లు, ఆ తరవాత పంపే ప్రతి నలుగురికీ 400 కోట్ల డాలర్లు అవుతాయని అంచనా వేశారు. ఆ సొమ్ములో పెద్ద భాగం ప్రసార హక్కుల నుంచి వస్తుందని నమ్మారు. ఒలింపిక్ క్రీడలకు కొన్ని వారాల్లో వచ్చే ఆదాయాన్ని ఉదాహరణగా చూపేవారు.

ఎంపిక కూడా టీవీ పోటీ తరహాలోనే దశలవారీగా సాగింది. 2013 డిసెంబరు చివరికి 1,058 మంది మిగిలారు. వారిలో 62 మంది భారతీయులు. 2015 ఫిబ్రవరికి ఆ జాబితా వందకు తగ్గింది, అందులో ముగ్గురు మనవారు. అయితే మొదట ప్రకటించిన రెండు లక్షల మందిలో రుసుము కట్టి దరఖాస్తు పూర్తి చేసినవారు కొన్ని వేల మంది మాత్రమేనని తరవాత తేలింది. మనుషులు వెళ్లే సంవత్సరం 2023 నుంచి జరుగుతూ జరుగుతూ 2030 దశకంలోకి వెళ్లిపోయింది.

2014లో అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు మార్స్ వన్ ప్రణాళికను ఆ సంస్థ చెప్పిన అంకెలతోనే పరీక్షించి ఒక నివేదిక వెలువరించారు. నలుగురికి సరిపడా తిండి పండించాలంటే సంస్థ అనుకున్న 50 చదరపు మీటర్లు చాలవనీ, దాదాపు 200 చదరపు మీటర్ల సాగు కావాలనీ వారి లెక్క. అంత పంటను మనుషులుండే గదుల్లోనే పెంచితే మొక్కలు విడుదల చేసే ఆక్సిజన్ ఎక్కువై నిప్పు అంటుకునే ప్రమాదం వస్తుంది. ఆక్సిజన్‌ను విడదీసి తీయగల యంత్రం లేకుండా గాలిని బయటికి వదిలితే దానితోపాటు నైట్రోజన్ కూడా పోతుంది. నైట్రోజన్ నిల్వ తరిగి గదిలో పీడనం పడిపోతే, సుమారు 68వ రోజున మొదటి మరణం సంభవిస్తుందని అంచనా. అంటే గాలి ఎక్కువవడంతో మొదలైన చిక్కు ఊపిరాడకపోవడంతో ముగుస్తుంది.

లాన్స్‌డోర్ప్ ఈ నివేదికను ఒప్పుకోలేదు. ఆక్సిజన్‌ను వేరుచేసే పరికరాలు భూమి మీద ఆసుపత్రుల్లో, పరిశ్రమల్లో ఎప్పటి నుంచో ఉన్నాయని ఆయన సమాధానం. అందులో నిజముంది. ఎంఐటీ బృందం కూడా ఆ యాత్ర అసాధ్యమని అనలేదు, చెప్పిన ఖర్చుకు, చెప్పిన సమయానికి, చెప్పిన పరికరాలతో సాధ్యం కాదని మాత్రమే అంది. వారి నివేదికలో 68వ రోజు అన్న అంకె పతాక శీర్షికలకెక్కింది గానీ, అంతకంటే ముఖ్యమైన విషయం విడిభాగాలది. మరమ్మతులకు కావలసిన సామాను ఏటేటా పెరుగుతూ, ఓ పదేళ్లు దాటాక భూమి నుంచి పంపే సరుకులో సగానికి పైగా అదే ఉంటుందని వారు లెక్కగట్టారు. అంటే స్థిరనివాసులు వెళ్లిపోయాక కూడా భూమి మీద ఎవరో ఒకరు, ఎన్నటికీ ఆపకుండా, డబ్బు ఖర్చు చేస్తూనే ఉండాలి. అలా ఖర్చు పెట్టాల్సిన సంస్థ ఆరేళ్లలోనే దివాలా తీసింది. ఒకవేళ అప్పటికే నలుగురు అక్కడ దిగి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

తిండి, గాలి, వికిరణం: మూడు చిన్న లెక్కలు

వెళ్లేవారు తెలిసి ఒప్పుకోవాలంటే తెలుసుకోవాల్సినవేమిటో కొన్ని అంకెల ద్వారా చూడవచ్చు. ఇవి కూడికలు, గుణకారాలు వచ్చినవారెవరైనా వేసుకోగల లెక్కలు.

మొదటిది తిండి. భూమికీ అంగారకుడికీ మధ్య ప్రయాణానికి అనువైన సమయం సుమారు 26 నెలలకు ఒకసారి వస్తుంది. కాబట్టి ఒక సరుకు నౌకకూ మరో నౌకకూ మధ్య 780 రోజుల ఎడం ఉంటుంది. ప్యాకింగుతో కలిపి మనిషికి రోజుకు 1.8 కిలోల తిండి అనుకుంటే, నలుగురికి 780 రోజులకు సుమారు 5,600 కిలోలు కావాలి. అంగారకుడిపై ఇప్పటివరకు క్షేమంగా దింపిన అతి బరువైన వస్తువు పర్సెవరెన్స్ రోవర్, దాని బరువు 1,025 కిలోలు. అంటే ఒక్క విడత తిండికే అలాంటి బరువులు ఐదారు దింపాలి. అంగారకుడిపై గాలి చాలా పలచన, దాని పీడనం భూమి మీది గాలి పీడనంలో ఒక శాతం కంటే తక్కువ, కాబట్టి పారాచూట్ ఒక్కటే చాలదు. బరువు పెరిగేకొద్దీ దించడం మరింత కష్టమవుతుంది. బరువు ఎంత ఖరీదైనదో మన శ్రీహరికోట నుంచే చూడవచ్చు. 2013 నవంబరు 5న అక్కడి నుంచి బయలుదేరిన మంగళ్‌యాన్ బరువు 1,337 కిలోలు. అందులో 852 కిలోలు ఇంధనమే, శాస్త్ర పరికరాలన్నీ కలిపి 15 కిలోలు. అదీ గ్రహం మీద దిగని, చుట్టూ తిరిగే నౌక.

రెండోది గాలి. అంగారక వాతావరణంలో 95 శాతం కార్బన్ డయాక్సైడ్. దాని నుంచి ఆక్సిజన్ తీయవచ్చని పర్సెవరెన్స్‌లోని మాక్సీ అనే పరికరం నిరూపించింది. వేరే గ్రహం మీద మనిషి తయారుచేసిన మొదటి ఆక్సిజన్ అది, నిజంగా గొప్ప విజయం. 2021 నుంచి 2023 వరకు 16 విడతల్లో అది తీసిన మొత్తం 122 గ్రాములు. ఒక మనిషికి రోజుకు సుమారు 840 గ్రాముల ఆక్సిజన్ కావాలి. కాబట్టి ఆ 122 గ్రాములు ఒక్కరికి మూడున్నర గంటలకు సరిపోతాయి. సూత్రం పని చేస్తుందని తేలడం వేరు, ఊరికి సరిపడా గాలి రావడం వేరు.

మూడోది కంటికి కనిపించని వికిరణం. ఒంటికి తగిలే వికిరణాన్ని మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. నాసా క్యూరియాసిటీ రోవర్ అంగారకుడికి తన ప్రయాణంలో రోజుకు సుమారు 1.8 మిల్లీసీవర్ట్‌ల వికిరణాన్నీ, నేల మీద దిగాక రోజుకు సుమారు 0.64 మిల్లీసీవర్ట్‌లనూ కొలిచింది. నాసా తన వ్యోమగాములకు మొత్తం ఉద్యోగ జీవితానికి పెట్టిన పరిమితి 600 మిల్లీసీవర్ట్‌లు. ఆరు నెలల ప్రయాణంలోనే 324 అవుతాయి. మిగిలిన 276 నేల మీద 431 రోజుల్లో, అంటే పద్నాలుగు నెలల్లో పూర్తవుతాయి. మట్టి కింద కట్టిన ఇళ్లలో ఎక్కువ సమయం గడిపితే ఈ వేగం బాగా తగ్గుతుంది. కానీ అప్పుడు ఎర్రటి మైదానాల్లో నడిచే జీవితం కాకుండా, కిటికీ లేని గదుల జీవితం అవుతుంది. దరఖాస్తుదారుల ఊహల్లో ఉన్నది ఏదన్నది వేరే సంగతి.

లెక్కకు అందని విషయాలు కూడా ఉన్నాయి. అంగారకుడిపై గురుత్వాకర్షణ భూమిపై ఉన్నదానిలో 38 శాతం. భారరహిత స్థితిలో తుంటి ఎముకలు నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం వరకు బలహీనపడతాయని తెలుసు గానీ, 38 శాతంలో ఏళ్ల తరబడి బతికితే ఏమవుతుందన్న అనుభవం ఏ మనిషికీ లేదు. అంతరిక్షంలో ఏకధాటిగా అత్యధిక కాలం గడిపిన వాలెరీ పొల్యకోవ్ ఉన్నది 437 రోజులు. అంతరిక్షంలో ఇంతవరకు బిడ్డ పుట్టలేదు. అంగారకుడి మట్టిలో పెర్‌క్లోరేట్ అనే లవణాలున్నాయని 2008లో ఫీనిక్స్ నౌక కనుగొంది, అవి థైరాయిడ్ గ్రంథి పనికి అడ్డుపడతాయి. రెండు గ్రహాల మధ్య దూరాన్ని బట్టి ఒక మాట చేరడానికి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. గుండెనొప్పి వచ్చిన మనిషి పక్కనున్నవారు భూమి మీది వైద్యుడిని ఒక ప్రశ్న అడిగి జవాబు వినేసరికి ముప్పావుగంట గడిచిపోవచ్చు.

భూమి మీది నమూనా ఆవాసాలు నేర్పినది

స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారితో నిజంగా జరిగిన ప్రయోగాలు కొన్ని ఉన్నాయి. 1991 సెప్టెంబరు 26న అమెరికాలోని అరిజోనాలో బయోస్ఫియర్ 2 అనే గాజు భవనంలోకి ఎనిమిది మంది వెళ్లి తలుపు మూసుకున్నారు. లోపల పొలం, చిన్న అడవి, చిన్న సముద్రం ఉన్నాయి. పదహారు నెలల్లో గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం నుంచి 14 శాతం చిల్లరకు పడిపోయింది. మనుషులకు నిద్ర కరువైంది, మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. కారణం వెతికితే, సారవంతంగా ఉండాలని తెచ్చి పోసిన మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను వాడేస్తున్నాయనీ, అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను భవనపు కాంక్రీటు పీల్చుకుంటోందనీ తేలింది. ముందుగా ఎవరూ ఊహించని కారణమది. 1993 జనవరిలో బయటి నుంచి ఆక్సిజన్ పంపి వారిని ఆదుకున్నారు.

మాస్కోలో 2010 జూన్ నుంచి 2011 నవంబరు వరకు ఆరుగురు పురుషులు 520 రోజులు మూసిన గదుల్లో గడిపారు. ఎవరూ మధ్యలో వెళ్లిపోలేదు. అయితే నెలలు గడిచేకొద్దీ కదలికలు తగ్గాయి, కొందరికి నిద్ర వేళలు గాడి తప్పాయి. 2018 ఫిబ్రవరిలో హవాయిలోని మౌనా లోవా పర్వతంపై ఎనిమిది నెలల కోసం మొదలైన ప్రయోగం నాలుగో రోజే ఆగిపోయింది. ఒకరికి విద్యుదాఘాతం తగిలి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది, ఆ తరవాత మరొకరు తాను కొనసాగలేనని తప్పుకున్నారు. మన దగ్గర ఇస్రో 2025 ఆగస్టులో లద్దాఖ్‌లోని త్సో కర్ ప్రాంతంలో ఇద్దరితో పది రోజుల ప్రయోగం చేయించింది.

వీటన్నిటిలో నాకు ప్రధానంగా కనిపించేది ఒకటే. అరిజోనాలో ఆక్సిజన్ పంపగలిగారు, హవాయిలో అంబులెన్సు వచ్చింది, వద్దనుకున్నవారు బయటికి నడిచి వెళ్లగలిగారు. ఆ తలుపు ఉన్నందువల్లే వారిని మనం నిస్సంకోచంగా స్వచ్ఛంద కార్యకర్తలు అనగలుగుతున్నాం.

ఒప్పుకోవడం ఒక్కసారి జరిగేదా, రోజూ జరిగేదా

వైద్య పరిశోధనలో ఒక నియమం దశాబ్దాలుగా స్థిరపడి ఉంది. ప్రయోగంలో పాల్గొనే మనిషికి ప్రమాదాలన్నీ వివరించాలి, ఆ మనిషి ఏ క్షణంలోనైనా, కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. కొత్త మందు పరీక్షకు ఒప్పుకున్నవారు రెండో డోసు వద్దంటే అడిగే అధికారం ఎవరికీ లేదు. అంటే సమ్మతి ఒక సంతకంతో ముగిసిపోదు, ప్రతిరోజూ కొనసాగుతుంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఇరవై ఎనిమిదేళ్ల యువతి అన్నీ చదివి, అర్థం చేసుకుని, ఇంట్లోవారిని ఒప్పించి వెళ్లింది. ముప్పై మూడేళ్ల వయసులో తల్లి జబ్బు పడిందని కబురొచ్చింది, ఇంటికి రావాలనిపించింది. ఆమె సమ్మతి అప్పటికీ ఉన్నట్టేనా? ఒక పక్షం ఉన్నట్టేనంటుంది. పెళ్లి, సన్యాసం, సైన్యం, అవయవదానం వంటివన్నీ వెనక్కి తీసుకోలేని, లేదా తీసుకోవడం చాలా కష్టమైన నిర్ణయాలే, వాటిని పెద్దవారి విచక్షణకు వదిలేసినప్పుడు దీన్ని మాత్రం ఎందుకు వదలకూడదని వాదిస్తుంది. రెండో పక్షం దీనికి ఇచ్చే జవాబు కూడా బలమైనదే. సన్యాసి మఠం వదిలి రావచ్చు, సైనికుడికి పదవీ విరమణ ఉంటుంది, మూత్రపిండం దానం చేసిన మనిషి మర్నాటి నుంచి తన బతుకు తాను బతుకుతాడు. స్థిరనివాసి విషయంలో మాత్రం మారిన మనసుతో, మారని చోట, పీల్చే గాలికి సైతం ఒక సంస్థ మీద ఆధారపడి జీవితాంతం ఉండాలి.

అక్కడ పుట్టబోయే పిల్లల విషయం ఇంకా కఠినం. తల్లిదండ్రులు ఒప్పుకున్నారు గానీ పిల్లలు ఒప్పుకోలేదు. వలస వెళ్లిన ప్రతి కుటుంబం విషయంలోనూ ఇదే జరిగింది కదా అనవచ్చు. కానీ అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లవాడు తెనాలికి వచ్చి ఉండగలడు. 38 శాతం గురుత్వాకర్షణలో పెరిగిన ఎముకలు భూమి బరువును మోయగలవా అన్నది ఎవరూ పరీక్షించని విషయం.

వెళ్లాలనేవారు, ఆగాలనేవారు

తిరుగు టికెట్టు లేని ప్రయాణాన్ని సమర్థించేవారందరూ కలలు కనేవారు కాదు. 2010లో డిర్క్ షుల్జ్-మకుచ్, పాల్ డేవీస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక వ్యాసంలో, తిరుగు ప్రయాణం లేని యాత్ర ఆత్మహత్య కాదనీ, అక్కడ బతికి పని చేయడానికే వెళ్తారనీ, ఖర్చు కూడా బాగా తగ్గుతుందనీ వాదించారు. తొలి నివాసులుగా పిల్లల్ని కనే వయసు దాటినవారిని పంపాలని కూడా సూచించారు. వికిరణం వల్ల పునరుత్పత్తికి కలిగే హానిని దృష్టిలో పెట్టుకుని చేసిన సూచన అది. ఆ వ్యాసం చదివి మేం సిద్ధమంటూ వందలాది మంది ఉత్తరాలు రాశారు. స్పేస్‌ఎక్స్ అధిపతి ఇలాన్ మస్క్ 2016లో మెక్సికోలోని గ్వాదలహారాలో తన ప్రణాళికను వివరిస్తూ, మానవజాతి ఒకే గ్రహానికి పరిమితమైతే ఏదో ఒక ఉపద్రవంతో అంతరించిపోవచ్చనీ, స్వయంగా నిలబడగల నగరమొకటి వేరే గ్రహంపై ఉండాలనీ చెప్పారు. మార్స్ వన్‌కూ ఆయన ప్రణాళికకూ పెద్ద తేడా ఒకటుంది. ఆయన నౌక తిరిగి వచ్చేలా రూపొందుతోంది, కాబట్టి తిరిగి రావాలనుకునేవారు రావచ్చన్నది అందులో భాగం.

వ్యతిరేకించేవారిలోనూ అందరిదీ ఒకే మాట కాదు. బ్రిటన్ ఖగోళ శాస్త్రవేత్త మార్టిన్ రీస్ భూమి సమస్యల నుంచి తప్పించుకోవడానికి అంగారకుడు దారి అనుకోవడం ప్రమాదకరమైన భ్రమ అంటారు. అక్కడి వాతావరణాన్ని మార్చడంతో పోలిస్తే భూమి వాతావరణాన్ని కాపాడుకోవడం ఎంతో తేలిక అన్నది ఆయన వాదన. అదే సమయంలో, ప్రజల డబ్బుతో కాక సొంత ఖర్చుతో వెళ్లే సాహసికులను ప్రోత్సహించాలనీ అంటారు. ఇంకొందరికి ఆ గ్రహం గురించే చింత. అంగారకుడిపై సూక్ష్మజీవులు ఉన్నాయో లేదో తేలకముందే కోట్లాది సూక్ష్మజీవులను మోసే మనిషి అక్కడ దిగితే, తరవాత దొరికే జీవం అక్కడిదో మనం తీసుకెళ్లినదో చెప్పడం కష్టమవుతుంది. నా మటుకు ఈ అభ్యంతరానికి చర్చల్లో దక్కాల్సినంత చోటు దక్కడం లేదు.

అక్కడ ఏదైనా జరిగితే ఎవరు జవాబుదారీ

1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం ఏ దేశమూ అంగారకుడిని తనదిగా ప్రకటించుకోలేదు. కానీ చట్టం లేని చోటు అని దీని అర్థం కాదు. ఆరో అధికరణం ప్రకారం ప్రైవేటు సంస్థల అంతరిక్ష కార్యకలాపాలకు కూడా ఆ దేశ ప్రభుత్వమే బాధ్యత వహించాలి, అనుమతి ఇవ్వాలి, నిరంతరం పర్యవేక్షించాలి. ఎనిమిదో అధికరణం ప్రకారం నౌకను ఏ దేశం నమోదు చేసిందో, ఆ నౌకపైనా అందులోని మనుషులపైనా ఆ దేశానికే అధికార పరిధి ఉంటుంది. కాబట్టి కాకినాడ ఇంజనీరు ఒకరు అమెరికా సంస్థ నౌకలో అమెరికా నుంచి బయలుదేరి వెళ్తే, ఆమె భారత పౌరురాలిగానే ఉంటుంది గానీ, ఆ ఆవాసంలో రోజువారీగా ఆమెకు వర్తించేది ప్రధానంగా అమెరికా చట్టమే.

నష్టపరిహారం దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మరీ బలహీనం. అంతరిక్ష వస్తువుల వల్ల జరిగే నష్టానికి పరిహారం నిర్ణయించే 1972 నాటి ఒప్పందం, ప్రయోగించిన దేశ పౌరులకూ, ఆ ప్రయోగంలో పాలుపంచుకునే విదేశీయులకూ వర్తించదని ఏడో అధికరణంలో స్పష్టంగా ఉంది. దారిన పోయే మనిషి మీద రాకెట్ ముక్క పడితే ఉండే రక్షణ, ఆ రాకెట్‌లో కూర్చున్న మనిషికి లేదు. అమెరికా దేశీయ చట్టం 2004 నుంచి ఒక పద్ధతి అనుసరిస్తోంది. ఈ వాహనం సురక్షితమని ప్రభుత్వం ధ్రువీకరించలేదన్న మాటను ప్రయాణికుడికి రాతపూర్వకంగా చెప్పాలి, అతను తెలిసి సంతకం పెట్టాలి. ప్రయాణికుల భద్రతకు కఠిన నిబంధనలు తేకుండా ప్రభుత్వంపై ఉన్న నిషేధాన్ని 2028 జనవరి 1 వరకు పొడిగించారు. కొత్త పరిశ్రమ ఎదగడానికి ఇది అవసరమని కొందరు, ప్రమాదాన్ని మొత్తం ప్రయాణికుడి సంతకం మీదికి నెట్టేయడమని మరికొందరు అంటారు. పది నిమిషాల ప్రయాణానికి రాసిన ఆ పత్రమే జీవితాంతపు నివాసానికీ సరిపోతుందని మాత్రం ఎవరూ గట్టిగా వాదించడం లేదు.

తిరుగు ప్రయాణం అనే షరతు

దూర దేశాలకు పేరిచ్చి వెళ్లడం తెలుగువారికి కొత్త కాదు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పని చేయడానికి ఒప్పందం కుదుర్చుకుని వెళ్లిన ఆ తొలి కూలీల్లో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. వారిలో ఎందరికో దళారులు చెప్పిన మాట ఒకటి, అక్కడ ఎదురైన బతుకు మరొకటి. అంత అన్యాయమైన ఒప్పందంలో కూడా పదేళ్లు పూర్తయ్యాక ఉచితంగా తిరిగి పంపాలన్న షరతు ఉంది. కొందరు దాన్ని వాడుకుని వచ్చేశారు, చాలామంది అక్కడే ఉండిపోయారు. ఉండిపోయినవారి నిర్ణయానికి విలువ వచ్చింది, రావాలనుకుంటే వచ్చే వీలు కాగితం మీదైనా ఉండడం వల్లే.

అంగారకుడి విషయంలో ఆ షరతు రాయడానికి కాగితం చాలదు, ఇంధనం కావాలి. నలుగురు మనుషులను అంగారక నేల మీద నుంచి పైకి లేపడానికి సుమారు 7 టన్నుల ఇంధనం, దాన్ని మండించడానికి 25 టన్నుల ఆక్సిజన్ కావాలని నాసా అంచనా. ఆ ఆక్సిజన్‌ను భూమి నుంచి మోసుకెళ్లే బదులు అక్కడి గాలి నుంచే తీయాలన్న ఆలోచనతోనే మాక్సీని పంపారు. అది అత్యధిక వేగంతో పని చేసినప్పుడు గంటకు 12 గ్రాములు తీసింది. ఆ వేగంతో రాత్రింబవళ్లు నడిచినా 25 టన్నులు కావడానికి 230 ఏళ్లకు పైగా పడుతుంది. అది టోస్టరంత పరికరం, ప్రయోగం కోసం చేసినది. దానికంటే వందల రెట్లు పెద్ద యంత్రం, దానికి విద్యుత్తునిచ్చే కేంద్రం, ఆ రెండూ మనుషుల కంటే ముందే వెళ్లి, ఎవరి సాయమూ లేకుండా నెలల తరబడి పని చేసి ట్యాంకులు నింపాలి. ట్యాంకు నిండిందని కబురొచ్చాకే మనుషులు బయలుదేరాలన్న పద్ధతి కూడా ప్రణాళికల్లో ఉంది. ఖర్చూ ఆలస్యమూ పెరుగుతాయి గనక దాన్ని పక్కనపెట్టినదే మార్స్ వన్.

ప్రస్తుతానికి ఈ పనికి స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారు దొరికే చోటు హ్యూస్టన్. అక్కడి జాన్సన్ అంతరిక్ష కేంద్రంలో త్రీడీ ముద్రణతో కట్టిన 1,700 చదరపు అడుగుల అంగారక నమూనా ఇంట్లో నలుగురు 2023 జూన్ 25 నుంచి 2024 జులై 6 వరకు 378 రోజులు గడిపారు. కూరగాయలు పండించారు, ఎర్ర మట్టి పరిచిన ఆవరణలో నడిచారు, భూమికి పంపే ప్రతి సందేశానికీ కావాలనే ఆలస్యం కల్పించుకుని జవాబు కోసం వేచి ఉన్నారు. 2025 అక్టోబరు 19న రెండో బృందం లోపలికి వెళ్లింది. వారి ఏడాది 2026 అక్టోబరు 31తో ముగిసేలా రూపొందించారు. ఆ రోజున తలుపు తెరుచుకునేది హ్యూస్టన్ నగరంలోకే.